నల్లబడిన కొలను

దొడ్డిలో నుయ్యిగల యింట బుట్టి పెరిగినవార మగుటచే, నీటినిగూర్చి మాకు దెలియని దుండదని మాకొక గర్వము కలదు. ఆ గర్వము 2023వ సంవత్సరము మే నెలలో, అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున, బేకర్స్‌ఫీల్డు పట్టణమందు మా యన్నగారి పెరటిలో భంగపడిన విధమును వ్రాయుచున్నాము.

పాఠశాలకు వేసవి సెలవు లిచ్చిన మఱునాడే మేము బయలుదేఱి పోయితిమి. అన్నగా రచ్చట ఇరువదియైదేండ్లుగా కాపురమున్నారు. ఇంటివెనుక సిమెంటు గారతో కట్టిన ఈతకొలను కలదు; రమారమి 60,000 లీటర్ల నీరు పట్టును. పిల్లలు చిన్నవారుగా నున్నప్పుడు వేసవియంతయు వారి కేరింతలతో ఆ కొలను మ్రోగుచుండెడిదట. పిల్లలు పెద్దవారై వేఱూళ్లకు పోయిరి, కొలను మిగిలినది. వారమునకొకసారి వచ్చి శుభ్రముచేయు మెక్సికో దేశపు ముసలి పనివాడు కూలి పెంచుమన్నాడని అన్నగారు వానిని మానిపించిరి. పిదప వడపోత పంపు చెడినది. ఆ శీతకాలమున కాలిఫోర్నియాలో వానలు మిక్కుటముగా కురిసినవి. ప్రక్కయింటి చెట్ల యాకులన్నియు వచ్చి కొలనులో పడినవి. అన్నగారు పెరటి తలుపు మూసి, కిటికీకి తెర దింపి, ఆ సంగతి మఱచిరి.

మేము తెర తొలగించి చూచితిమి. ఏమి చెప్పుదుము! నీరు నల్లగా, చిక్కగా, అటకమీది పాత నూనెడబ్బావలె నున్నది. అడుగు కానరాదు. ఒడ్డున వంగి చూడగా దోమపిల్లలు వేలకొలది మెలికలు తిరుగుచున్నవి. ఇది వట్టి యసహ్యము మాత్రమే కాదు. ఆ పట్టణముననే 2007లో, అప్పులు తీర్పలేక జనులు విడిచిపోయిన యిండ్ల కొలనులు దోమలకు పుట్టిండ్లు కాగా, ఆ వేసవిలో వెస్టునైలు జ్వరపీడితుల సంఖ్య మిక్కిలిగా పెరిగెనని మఱుసటి యేడు వైద్యపత్రికలో పండితులు ప్రకటించిరి. ఇంతకంటె దగ్గఱి భయ మొకటి యుండెను. మూడు వారములలో అన్నగారి కుమార్తె తన మూడేండ్ల బిడ్డతో వచ్చుచున్నది. పెరటి కంచె తలుపునకు గడియ ఊడిపోయినది. అడుగు కనబడని నీట మునిగిన బిడ్డ ఒడ్డుననున్న తల్లికిని కనబడడు.

మా వదినగారు మేము వచ్చిన నాటనుండియు ఈ కొలనునుగూర్చి ఏదో చెప్పబోవుచునేయుండిరి. "మరిదిగారూ, ముందు పంపు సంగతి..." అని యామె ఆరంభించుట, "అది సరేగాని కాఫీ యేదీ?" అని అన్నగా రనుట, మేమును నవ్వి ఊరకుండుట. ఈ నవ్వులో మా పాలెంత యున్నదో యప్పుడు తోచలేదు.

"ఏమిరా, దీనికి మందేమి?" అని అన్నగారు మమ్మడిగిరి. అడిగినదే తడవుగా, "నాచునకు మందు మైలుతుత్తము. మన జిల్లాలో చేపలచెఱువుల వారెల్లరు నెఱుగుదురు" అని మేము తీర్పు చెప్పితిమి. వెంటనే అంగడికి పోయి తామ్రము కలసిన మందు రెండు సీసాలు కొంటిమి. కొట్టువాడు నీటిలక్షణ మడుగలేదు, మేము చెప్పలేదు. రెండు సీసాలును ఒక్క సాయంకాలమున కుమ్మరించితిమి. మూడవనాటికి పైపైని తెట్టు కొంత విరిగి మా మీసము మెలివేసికొనుటకు వీలు కలిగినది. ఐదవనాటికి, మెట్లమీదను, నీటియంచు వెంబడి గోడమీదను, మసిగుడ్డతో తుడిచినట్లు బూడిదనలుపు పట్టినది. అంతకుముందు లేని నలుపది.

"నీ చదువు నా గోడకు పట్టినదిరా తమ్ముడూ" అని అన్నగా రనిరి. మేము మాటాడలేదు.

సంస్కృతమున నిదానమనగా వ్యాధికి మూలకారణము; వైద్యులు రోగమును గుర్తించు పద్ధతికి పెట్టిన పేరు. తెలుగున ఆ మాటకే తొందరలేకపోవుట యని యర్థము వచ్చినది. ఈ రెండర్థములకు గల చుట్టఱికమును మేము ప్రతి సంవత్సరమును పిల్లలకు విప్పిచెప్పుచునే యున్నాము.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట వదినగారు నోరువిప్పిరి. ఆమె కాకినాడలో రసాయనశాస్త్రము ముఖ్యవిషయముగా బి.ఎస్సీ. పరీక్ష ప్రథమశ్రేణిలో నెగ్గినవారు. పెండ్లియై దేశము దాటినతోడనే ఆ చదువును వంటయింటి బీరువాలో పెట్టి తాళము వేసిరి. లేక, మే మందఱము కలసి వేయించితిమి. "నలుపు ఒక్కటికాదు, మూడు నలుపు లున్నవి. ఏ నలుపు ఏదో తెలియక మందు పోసినారు" అని యామె మెల్లగా ననిరి. అన్నగారు చెంచా క్రింద పెట్టిరి.

మఱునాడు ప్రొద్దుననే ఆమె తెల్లని బాల్చీతో నీరు తోడి యెండలో పెట్టించిరి. బాల్చీలోని నీరు పలుచని టీవలె మాత్రమే యున్నది. కనుక నలుపులో హెచ్చుపాలు నీటిది కాదు, గోడలదియు నేలదియు నన్నమాట. పిదప కఱ్ఱకు బ్రష్షు కట్టి మాచేత నొక్కొక్కచోట తోమించిరి. ఆకులు కుళ్లినచోట గోధుమనలుపు మచ్చలు కదలలేదు గాని, వానిపై క్లోరిను బిళ్ల నొక నిమిషము పట్టియుంచగా తెల్లబడినవి. అది ఆకుకఱ. మెట్లమీది బూడిదనలుపు క్లోరినునకు లొంగలేదు. వదినగారు తమ మందులపెట్టెలోని విటమిన్ సి మాత్ర తెచ్చి రుద్దగా పలుచబడినది. అది లోహపుమరక, అనగా మా పాండిత్యము. నిచ్చెనక్రింద నీడపట్టున మిరియపుగింజలంతేసి చుక్కలు మూడవజాతి: గీరిన పైతోలు ఊడి బ్రష్షునకు నల్లని జిగురంటినది, వేరు గారలోనే నిలిచినది. దానినే నల్లనాచందురు; నిజమునకది నాచు కాదు, సయనోబాక్టీరియా యను సూక్ష్మజీవుల గుంపు. పైని బంకపొర కప్పుకొని గార రంధ్రములలో దాగుటచే మందు దానికి తగులదు.

అటుపిమ్మట చుక్కలమందుతో నీటిని పరీక్షించిరి. క్లోరిను సున్న. పి.హెచ్. 8.2, ఉండవలసినది 7.2కును 7.8కును నడుమ. ఇట్టి క్షారపు నీటిలో పోసిన తామ్రము నీట నిలువక గోడకు పట్టుట వింత కాదు. సయనూరిక్ ఆమ్లము నూటికి పైబడినది. ఈ యామ్లము క్లోరినునకు ఎండనుండి గొడుగువంటిది. ముప్పది మొదలు ఏబది వఱకు మంచిది. అన్నగారు ఏండ్లతరబడి వేసిన బిళ్లలలో నిదియు కలసియుండుటచే పేరుకొని, క్లోరినును పనిచేయనీయని బందిఖానా యైనది. దీనికి మందు లేదు. నీరు మార్చుటయే గతి.

సగము నీరు, అనగా 30,000 లీటర్లు, తోడించితిమి. మా యూర బిందెడు నీటికి ఆడవారు నిలుచు వరుసలు తలపునకు వచ్చి ఆ దినమంతయు మాకు అన్నము సహింపలేదు. అంతయు తోడించి కడుగుద మని అన్నగా రన్నారు గాని, ఆ యెండకు ఎండిన గార పగులునని వదినగారు వలదనిరి. పంపునకై అన్నగారు తామే కారులో పోయి ఆ ముసలి పనివానిని పిలుచుకొని వచ్చిరి. అడిగినంత కూలియు ఒప్పుకొనిరి. అతడు గడియకూడ బిగించిపెట్టినాడు, అడుగకుండనే.

ఇక పది దినములు ఇరువుర మన్నదమ్ములము ఉక్కుతీగెల బ్రష్షులతో నల్లచుక్కలను గీరితిమి. గారగోడ గనుక ఉక్కు పనికివచ్చినది. ఫైబరు కొలనైన గీతలు పడెడివి. గీరినవెంటనే చుక్కచుక్కకు క్లోరిను బిళ్ల రుద్దవలెను. నీటిలోని క్లోరిను రేయింబవళ్లు తగ్గనీయరాదు. ద్రావకమును నీటిలో పోయుటయేగాని ద్రావకముమీద నీరు పోయరాదనియు, క్లోరిను బిళ్లలను బ్లీచింగుపొడిని ఒక పాత్రలో కలిపిన అగ్గి పుట్టుననియు వదినగారు దినమునకు మూడుమార్లు చెప్పిరి. ఈసారి వింటిమి. జన్మలో చీపురు పట్టని అన్నగారు మోకాళ్లమీద కూర్చుండి తోముచుండగా, "ఆ మూల మిగిలినది" అని యామె వ్రేలు చూపుట మేము చూచితిమి.

తామ్రపుమరక చివరకు నిలిచినది. దానిని విడిపించు ఆస్కార్బిక్ ఆమ్లము క్లోరినును తినివేయును. నాచు చావకముందే వేసిన మొదటికి మోసము వచ్చును. కావున క్లోరిను తగ్గువఱకు ఆగి, ఆమ్లము వేసి, లోహము మరల గోడ కంటకుండ వేఱొక మందు కలిపిరి. మెట్లు తెల్లబడినవి. ఒక మెట్టుమీద మాత్రము అరచేతియంత నీడ పోలేదు. అది మా పేర నుండనిమ్మని అన్నగా రనిరి.

బిడ్డ వచ్చిన సాయంకాలము వదినగారు లోతువైపున ఒక నాణెము వేసిరి. ఒడ్డుననుండి బొమ్మయో బొరుసో తెలిసిన తరువాతనే వానిని నీటిలోనికి దింపనిచ్చిరి, అదియు తాత చేతులలో.

మేము తిరిగివచ్చిన తరువాత ఆ దీపావళి వఱకును ప్రతి యాదివారము వదినగారినుండి రెండు పంక్తుల జాబు ఫోనులో వచ్చుచుండెను: క్లోరి నింత, పి.హెచ్. ఇంత. ఒకమారు మూడవ పంక్తి చేర్చిరి. నిచ్చెనక్రింద చుక్క యొకటి మరల పొడసూపినదట. అన్నగారు బ్రష్షు తీసికొని పోయినారట.