తీగ లేని కబురు

పిల్లలూ! మీ ఇంట్లో రేడియో ఉందా? ఉంటే దాన్ని వింటారు, అంతే గదా. రేడియో మాట్లాడుతుంది, మనం వింటాం. మనం మాట్లాడితే అది వినదు. కాని, మనం మాట్లాడితే వినే రేడియో కూడా ఒకటుంది. దాని ముందు కూర్చుని ఎక్కడో వెయ్యి మైళ్ల దూరాన ఉన్న మనిషిని, "బాగున్నారా?" అని పలకరించవచ్చు. ఆయన, "బాగున్నాను. మీ ఊళ్లో వానలు పడుతున్నాయా?" అని అడుగుతాడు. ఇలా జీతం కోసం గాక, ఇష్టంకొద్దీ రేడియో మీద మాట్లాడుకునేవారిని "హామ్"లు అంటారు. ప్రపంచంలో ఇలాంటివారు లక్షలాదిమంది ఉన్నారు. మా ఇంట్లోనూ ఒక హామ్ రేడియో ఉంది. అది మా ఇంటికి ఎట్లా వచ్చిందో, ఎట్లా పనిచేస్తుందో ఇవాళ మీకు చెబుతాను.

మా నాన్నగారు తంతి ఆఫీసులో గుమాస్తా. అప్పట్లో దూరపు ఊళ్లకు తొందరగా కబురు పంపాలంటే టెలిగ్రామే దిక్కు. బల్ల మీద ఒక ఇత్తడి మీట ఉండేది. దాన్ని కొంచెంసేపు నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత. చుక్కలతోనూ గీతలతోనూ అక్షరాలన్నీ చెప్పే ఈ పద్ధతికి మోర్స్ అని పేరు. ఆ పేరుగల అమెరికా దేశస్థుడు 1844లో వాషింగ్టన్ నుంచి బాల్టిమోరుకు తీగ మీద మొదటి కబురు పంపి దాన్ని లోకానికి చూపించాడు.

మా నాన్నగారు ఇంట్లోనూ మోర్స్ మానేవారు కాదు. అన్నానికి పిలవాలంటే కంచం మీద గరిటెతో మా పేరు కొట్టేవారు. "రామ" అనే పేరు ఎట్లా కొట్టాలో తెలుసా? ఇంగ్లీషు అక్షరాల్లో ఆర్, ఏ, ఎమ్, ఏ. చుక్కను "డి" అనీ, గీతను "డా" అనీ పలకండి. డి-డా-డి, డి-డా, డా-డా, డి-డా. ఒకటికి రెండుసార్లు గట్టిగా అనండి. చూశారా, పాటలా లేదూ! మోర్సును కంటితో నేర్చుకోకూడదు, చెవితో నేర్చుకోవాలి అనేవారు నాన్నగారు. మాకు ఎక్కాలతోబాటే అదీ వచ్చేసింది.

మన దేశంలో టెలిగ్రాములు 2013 జులైలో ఆగిపోయాయి. "ఇక మోర్సుతో పని లేదు," అనుకున్నాను నేను. ఆ మరుసటి ఏడే దాని అవసరం ఎంతటిదో తెలిసివచ్చింది.

2014 అక్టోబరు 12వ తేదీ ఆదివారం. హుద్‌హుద్ అనే తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, ఫోన్లు మూగబోయాయి. సరిగ్గా అప్పుడు మా కోడలు పురిటికని విశాఖపట్నంలో పుట్టింట్లో ఉంది. నెలలు నిండాయి. మేమేమో కృష్ణా జిల్లాలో ఉన్నాం. ఎన్నిసార్లు ఫోను చేసినా ఒక్కరూ పలకలేదు. మా అబ్బాయి దొరికిన బస్సెక్కి బయలుదేరాడు గాని, దారిలో చెట్లు పడి బండ్లు ఆగిపోయాయి. ఇంట్లో మా ఆవిడ దేవుడి ముందు నుంచి లేవలేదు. పొయ్యి వెలిగించలేదు.

మా ఊళ్లో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన హామ్ అని నాకు తెలుసు. సోమవారం పొద్దున్నే ఆయన దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను కూర్చోమని, ఒక కాగితం ముక్క ఇచ్చి, "మాస్టారూ, పది మాటలు మించకుండా రాయండి," అన్నారు. టెలిగ్రాముకు రాసినట్టే రాశాను: కోడలి పేరు, వీధి పేరు, "ఎలా ఉన్నారు?" అని.

ఆయన మీటలు తిప్పి పిలిచారు. గరగరమనే చప్పుడులో నుంచి ఒక గొంతు పలికింది. విశాఖపట్నంలో ఒక హామ్, కారు బ్యాటరీకి తన రేడియో తగిలించి, మిగిలిన చెట్టుకు తీగ కట్టి, పగలూ రాత్రీ కబుర్లు అందుకుంటున్నాడట. మా కాగితం మీది మాటలు ఒక్కొక్కటే చెబితే, ఆయన తిరిగి చదివి సరిచూసుకున్నాడు. ఆ వీధికి బండి పోయే దారి లేదు. ఒక కాలేజీ కుర్రవాడు పడిపోయిన చెట్ల మీదుగా ఎక్కి దిగుతూ నడిచి వెళ్లాడు. మంగళవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది: "ఇంటి రేకులు ఎగిరాయి. మనుషులంతా క్షేమం. కాన్పు ఇంకా కాలేదు." ఆ కాగితం పట్టుకుని నేను ఇంటికి పరుగెత్తాను. దీపావళికి ముందురోజు మాకు మనవరాలు పుట్టింది.

ఇంతమంది ఫోన్లు పనిచేయనప్పుడు ఆ ఒక్క రేడియో ఎట్లా పనిచేసింది? చెబుతాను వినండి. చేతిలో ఫోనుకు తీగ లేదు గాని, అది ఒంటరిది కాదు. దగ్గర్లో టవరు ఉండాలి, టవరుకు కరెంటు ఉండాలి, అక్కడినుంచి కబురును మోసే తీగలుండాలి. వీటిలో ఏది తెగినా ఫోను మూగదే. హామ్ రేడియోకు కావలసింది ఒక బ్యాటరీ, ఒక తీగ, ఇంకొక హామ్. అంతే!

మరి భూమి గుండ్రంగా ఉంది గదా, రేడియో తరంగం తిన్నగా పోయి ఆకాశంలో కలిసిపోదా? కొన్ని తరంగాలు అట్లాగే పోతాయి. కాని మన తల మీద, సుమారు 60 కిలోమీటర్ల ఎత్తు మొదలు కొన్ని వందల కిలోమీటర్ల దాకా, అయనోస్ఫియర్ అనే పొర ఉంది. సూర్యకిరణాలు అక్కడి అణువుల నుంచి ఎలక్ట్రానులను ఊడగొడతాయి. విద్యుత్తు నిండిన ఆ పొర, షార్ట్‌వేవ్ తరంగాలను వంచి కిందికి పంపుతుంది. మీరు బంతిని కప్పుకేసి కొడితే గదిలో అవతలి మూల పడదూ? అట్లాగే. పొద్దుగూకితే ఈ పొరలో కింది భాగం పలచబడుతుంది. అది పగటిపూట మింగేసే తరంగాలు రాత్రిపూట మింగుడుపడకుండా పైకి పోయి, పై పొరను తాకి, మరీ దూరాన దిగుతాయి. అందుకే ఒకే రేడియో మీద పగలు విశాఖపట్నం పలికితే, రాత్రి విదేశాలు పలుకుతాయి.

తీగ పొడుగు కూడా లెక్కప్రకారం ఉండాలి. ఈ లెక్క మీరే చేయవచ్చు. 300ని మెగాహెర్ట్‌జుల సంఖ్యతో భాగిస్తే తరంగం పొడుగు మీటర్లలో వస్తుంది. 7.1తో భాగించండి: సుమారు 42. అందులో సగం 21. తీగలో కొంచెం తగ్గించాలి గనుక మా ఇంట్లో 20 మీటర్ల తీగ, కొబ్బరిచెట్టుకూ డాబా పిట్టగోడకూ మధ్య కట్టాం. ఉరుము వినిపిస్తే చాలు, ముందు రేడియో నుంచి ఆ తీగ ఊడదీసేస్తాం. కరెంటు తీగల దరిదాపుల్లో దాన్ని ఎన్నడూ కట్టకూడదు.

నేను ఉద్యోగం విరమించాక పరీక్షకు కూర్చుని లైసెన్సు తెచ్చుకున్నాను. లైసెన్సు లేనిదే ఎవరూ మాట్లాడకూడదు. కేంద్ర ప్రభుత్వపు దూరసంచార శాఖ పరీక్ష పెడుతుంది. పన్నెండేళ్లు నిండినవారు ఎవరైనా రాయవచ్చు. రేడియో ఎట్లా పనిచేస్తుందో, నియమాలేమిటో అడుగుతారు. పైతరగతి లైసెన్సుకు మోర్సు కూడా రావాలి, నిమిషానికి ఎనిమిది మాటలు. గరిటె పాఠం ఇన్నేళ్లకు అక్కరకు వచ్చింది! నెగ్గినవారికి "వి యు" అక్షరాలతో మొదలయ్యే పిలుపు పేరు ఇస్తారు. ఆ పేరు లోకంలో మరొకరికి ఉండదు. ఈ రేడియో మీద వ్యాపారం మాట్లాడకూడదు, పాటలు వేయకూడదు. మామూలు రోజుల్లో ఇతరుల కబుర్లు మోయకూడదు. ఆపద వచ్చినప్పుడు మాత్రం అదే ముఖ్యమైన పని.

ఇట్లాంటి పనికి మన హైదరాబాదుకూ పేరుంది. అక్కడ 1983లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ వెలిసింది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు 2004 డిసెంబరులో దేశదేశాల హామ్‌లతో మాట్లాడటానికని అండమాన్ దీవులకు వెళ్లారు. 26వ తేదీ పొద్దున్నే భూమి కంపించి, సునామీ వచ్చింది. ఆమె సరదా మాటలు మాని, దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమసమాచారాలు అందించటం మొదలుపెట్టారు. ఆ తరువాత 2005 మే 5న హామ్‌ల కోసమే మన శాస్త్రజ్ఞులు తయారుచేసిన హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహం శ్రీహరికోట నుంచి పైకి వెళ్లింది. బరువు 42.5 కిలోలు. అది 2014 దాకా పనిచేసింది.

ఇప్పుడు మా ఇంట్లో సాయంత్రమైతే అందరూ రేడియో దగ్గర చేరతారు. మా ఆవిడ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది గనుక, ఎవరితో ఎన్ని గంటలకు మాట్లాడామో పుస్తకంలో రాసేది ఆవిడే. మా అబ్బాయి బ్యాటరీలు చూస్తాడు. మనవరాలు సెలవులకు వచ్చినప్పుడల్లా గోడ మీద ప్రపంచపటంలో ఊళ్లు వెతికి, గుండుసూది గుచ్చుతుంది.

ఒకనాడు అది, "తాతయ్యా, నేను పుట్టకముందే నా కబురు రేడియోలో వచ్చిందటగా! ఒక్కసారి నేనూ మాట్లాడనా?" అని అడిగింది.

"నీకు పన్నెండు నిండి, పరీక్ష నెగ్గిన రోజున మీట నీ చేతికే ఇస్తానమ్మా," అన్నాను.

అది మూతి ముడుచుకుంది గాని, మర్నాడు పొద్దున కంచం మీద చెంచాతో తన పేరు తప్పు లేకుండా కొట్టింది.

తల్లిదండ్రులకు ఒక మాట. ఖరీదైన రేడియో ముందే కొనకండి. ఒక బ్యాటరీ, ఒక చిన్న బజరు, రెండు మూరల తీగ ఇంట్లో ఉంటే మోర్సు మొదలుపెట్టవచ్చు. షార్ట్‌వేవ్ పలికే పాత రేడియో ఉంటే దేశదేశాల స్టేషన్లు వినవచ్చు. వినటానికి లైసెన్సు అక్కరలేదు. పిల్లలతోబాటు మీరూ కూర్చోండి. వాళ్లు మీకంటే ముందే నేర్చుకుంటారు.

పిల్లలూ, ముందుగా వినటం నేర్చుకోండి. మంచి హామ్ మాట్లాడేదానికంటే వినేది ఎక్కువ. గరగరల మధ్య ఎవరిదో సన్నని గొంతు సాయం కోరుతూ ఉండవచ్చు. అది వినగలిగినవాడే కబురు చేర్చగలడు.

హామ్‌లు సెలవు తీసుకునేటప్పుడు "73" అంటారు. శుభాకాంక్షలు అని దాని అర్థం. మీకందరికీ 73!