తీపి ఖాతా

హైదరాబాదులో అయిదు రూపాయల భోజనం 2014 నుంచి దొరుకుతోంది. పెద్దాసుపత్రుల ముందు మధ్యాహ్నం పూట అన్నదానం వ్యాన్లు ఆగుతూనే ఉంటాయి. అన్నం, సాంబారు, కూర, పచ్చడి. ఆకలి తీరుతుంది, అది చాలా గొప్ప సంగతి. కానీ ఆ పళ్ళెంలో తీపి ఉండదు, ఉండాలని ఎవరూ అనుకోరు కూడా. మా ఇంటికి దగ్గర్లో ఉన్న రాత్రి బస కేంద్రానికి నెలకో ఆదివారం కేకు చేసి పట్టుకెళ్తున్నది అందుకే.

పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇలాంటి కేంద్రాలు పెట్టాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. నేను వెళ్ళేచోట ఫంక్షన్ హాళ్ళలో క్యాటరింగ్ పనికి పోయేవాళ్ళు, అడ్డా కూలీలు, పిల్లలు వదిలేసిన పెద్దవాళ్ళు ఉంటారు. పండగ వాళ్ళకీ వస్తుంది. పిండివంట చేసిపెట్టే ఇల్లే లేదు.

ఇది దయ గురించి కాదు, డబ్బు గురించి రాస్తున్న వ్యాసం కాబట్టి లెక్కలోకి వస్తాను. జీతం పడ్డ మర్నాడే వెయ్యి రూపాయలు వేరే ఖాతాలోకి వెళ్ళిపోయేలా బ్యాంకులో చెప్పిపెట్టాను. మ్యూచువల్ ఫండ్ సిప్ పోయేదీ ఆ తేదీనే. నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే ఏ ఇంట్లోనూ మిగలదు. పొదుపు విషయంలో అందరం ఒప్పుకునే ఈ మాట దానానికీ అంతే నిజమని నా గట్టి నమ్మకం. జూన్‌లో పిల్లల ఫీజులు మీద పడ్డప్పుడు కూడా ఆ వెయ్యి జోలికి పోలేదు, ఎందుకంటే అది నా చేతికి రాకముందే వెళ్ళిపోయింది.

అరవై ముక్కలకి సరుకు ఇదీ: గోధుమపిండి కిలోన్నర, బెల్లం కిలో, నూనె అర లీటరు, పాలు లీటరు, అరటిపళ్ళు డజను, కాస్త పెరుగు, నువ్వులు, యాలకులు, బేకింగ్ పౌడర్. మా వీధి కిరాణా కొట్టు ధరల్లో అంతా కలిపి 430 రూపాయలకు అటూ ఇటూ. ముక్కకి ఏడు రూపాయలు చిల్లర. బేకరీలో అదే సైజు కప్ కేకు పాతిక్కి తక్కువ లేదు. గుడ్డు వెయ్యను, వారం వర్జ్యం పాటించేవాళ్ళు కూడా తినాలి కదా. 2025 సెప్టెంబరు 22 నుంచి నెయ్యి మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి దిగాక, నూనె కొంత తగ్గించి నెయ్యి కలుపుతున్నాను. తేడా వాసనలోనే తెలిసిపోతుంది.

కరెంటు సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఇంట్లో ఓవెన్ ఉన్నవాళ్ళందరికీ పనికొస్తుంది. నాది 1,600 వాట్ల చిన్న ఓవెన్. అరవై ముక్కలు మూడు వాయిల్లో అవుతాయి, నాలుగైదు యూనిట్లు కాలుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ తెలంగాణ టారిఫ్‌లో ఇళ్ళకి 200 యూనిట్ల దగ్గర ఒక హద్దు ఉంది. వంద దాటి ఆ లోపు అయితే మొదటి వందకి యూనిట్‌కి 3.40, తర్వాతి వందకి 4.80. సరిగ్గా 200 వాడితే ఎనర్జీ ఛార్జీ 820 రూపాయలు. 201 అయిందా, మొదటి 200కీ 5.10 చొప్పున కట్టి, పైదానికి 7.70 వేస్తారు. మొత్తం 1,027.70. ఒక్క యూనిట్‌కి రెండు వందల పైచిలుకు! ఏసీ వెయ్యని నెలల్లో మా ఇంటి వాడకం ఆ హద్దుకి కాస్త ఇవతలే ఉంటుంది. అందుకే ఆదివారం ఏదైనా పరవాలేదు గానీ, ముందు మీటరు చూసుకుంటాను. హద్దు దాటేలా ఉంటే రీడింగ్ తీసుకెళ్ళాక వచ్చే ఆదివారానికి జరుపుతాను. ఆ రెండు వందలూ కరెంటు బిల్లుకి పోకుండా ఉంటే నేతికి వస్తాయి.

పన్ను మినహాయింపు ఆశ పెట్టుకోలేదు. 80జీగా మనకి అలవాటైన మినహాయింపు వస్తు రూపంలో ఇచ్చినదానికి రాదు, రెండు వేలు దాటిన నగదుకీ రాదు, కొత్త పన్ను విధానంలో అసలే లేదు. నేను కొత్త విధానంలోనే ఉన్నాను.

మా తమ్ముడు ఆడిటరు. "అక్కా, ఆదివారం అంతా పొయ్యి దగ్గర నిలబడే బదులు ఆ డబ్బే వాళ్ళకి పంపెయ్యొచ్చుగా" అంటాడు. న్యాయమైన ప్రశ్నే. డబ్బు పంపితే అది ఫినాయిల్‌కో, పంపు రిపేరుకో వెళ్తుంది, వెళ్ళాలి కూడా. కేకుకీ ఆటోకీ పోగా ఖాతాలో మిగిలేది మూడు నెలలకోసారి అందుకే ఇస్తున్నాను. పోయినసారి దోమతెరలు కొన్నారు. కానీ కేంద్రం నడిపేవాళ్ళు ఏ బడ్జెట్‌లోనూ "తీపి" అని ఒక పద్దు రాసుకోలేరు. రాస్తే పైవాళ్ళు కొట్టేస్తారు. ఆ పద్దు బయటివాళ్ళమే మొయ్యాలి.

అక్కడ ఒకాయన చాలా ఏళ్ళు వంటమేస్త్రీ దగ్గర పనిచేశాడు. ముక్క చేతిలోకి తీసుకుని, వేలితో నొక్కి, అది మళ్ళీ పైకి లేస్తోందా లేదా చూసి గానీ నోట్లో పెట్టడు. "మేడం, బెల్లం వేసినప్పుడు చిటికెడు ఉప్పు పడాలి. యాలకులు తొక్కతోనే దంచండి, తొక్కలోనూ కాస్త వాసన ఉంటుంది" అన్నాడు. అప్పట్నుంచీ అలాగే చేస్తున్నాను. యాలకుల ఖర్చు కూడా తగ్గింది. బెల్లం మాత్రం కరిగించి, పల్చటి గుడ్డలో వడకట్టి తీరాలి, అడుగున ఎప్పుడూ సన్నటి ఇసుక దిగుతుంది. పళ్ళు లేని పెద్దవాళ్ళు తినేది. షుగరున్నవాళ్ళకి వేరే డబ్బాలో వేయించిన పల్లీలు, పుట్నాలు తీసుకెళ్తాను. బెల్లమైతే పరవాలేదన్న మాట నేను నమ్మను, వాళ్ళ దగ్గర అననివ్వను.

ఈ మధ్య కేంద్రంలో మనుషులు పెరిగారు. పన్నెండు వేలు పెట్టి పెద్ద ఓవెన్ కొందామా అని ఆలోచించాను. అంటే ఏడాది ఖాతా మొత్తం. కొనలేదు. మా అంతస్తులోనే మరో రెండిళ్ళలో ఓవెన్లు ఊరికే ఉన్నాయి. అడిగితే చెరో వాయీ చేస్తామన్నారు. సరుకు నా ఖాతాలోంచి, కరెంటు వాళ్ళది. వాళ్ళ మీటర్లు కూడా ముందే చూసుకోమని చెప్పాను.