మధ్యవేలు, ఉంగరపువేలు

సెప్టెంబర్ 7, 2025, ఆదివారం. గాజువాక.

రాత్రి చంద్రగ్రహణం. తొమ్మిది యాభై ఏడుకి పట్టు, ఒకటీ ఇరవై ఆరుకి విడుపు. కింది వాటాలో చిన్నకోడలికి ఏడో నెల. పొద్దువాలగానే గదిలో కూర్చోబెట్టి, కత్తిపీట అటకెక్కించారు. పెద్దకోడలి పదినెలల పిల్లకి ఎడమచేతి మధ్యవేలూ ఉంగరపువేలూ కలిసి పుట్టాయి మరి. "గ్రేణం నాడు వంకాయ కోసీసింది. సెప్తే ఇంటదేటి?" అని అత్తగారు మెట్ల మీద అందరికీ వినబడేట్టే అంది. పెద్దకోడలు కిక్కురుమనలేదు.

సెప్టెంబర్ 8

పిల్ల పుట్టింది నిరుడు నవంబర్‌లో. పాత పంచాంగం తిరగేశాను. 2024లో మన దేశంలో కనబడిన గ్రహణం ఒక్కటీ లేదు! గ్రహణమని టీవీలో చెప్పారట. అమెరికావాళ్ల గ్రహణానికి గాజువాకలో వంకాయ ఏం పాపం చేసింది?

గ్రహణం ఉన్నా వేళ్లకి అయ్యేదేమీ లేదు. పిండానికి నాలుగో వారంలో చేతి మొగ్గ వేస్తుంది. మొదట తెడ్డులా ఉంటుంది. తర్వాత వేళ్ల నడుమ కణాలు వాటంతటవే చచ్చిపోయి, సందులు పడతాయి. ఎనిమిదో వారానికల్లా ఆ పని అయిపోతుంది. సందు పడకపోతే వేళ్లు అతుక్కునే ఉంటాయి. కొన్ని ఇళ్లలో ఇది వంశంలో వస్తుంది, చాలాసార్లు కారణమే దొరకదు. తల్లికి నెల తప్పిందన్న సంగతి రూఢి అయ్యేనాటికే చెయ్యి సగం తయారై ఉంటుంది.

సెప్టెంబర్ 11, గురువారం

పెద్దకోడలికి తోడుగా పెద్దాసుపత్రికి, అదే కేజీహెచ్‌కి వెళ్లాను. ప్లాస్టిక్ సర్జరీ ఓపీ. డాక్టరమ్మ వేళ్లు తర్వాత చూసింది. ముందు గుండె మీద స్టెతస్కోపు పెట్టి, ఆపైన ముంజేయి, బొటనవేలు తడిమింది. బొటనవేలు సన్నగిల్లినా, ముంజేతిలో ఆ వైపు ఎముక పొట్టిదైనా గుండెనీ రక్తాన్నీ కూడా పరీక్షించాలట. ఈ పిల్లకి అవేమీ లేవు. ఎక్స్‌రేలో ఎముకలు విడివిడిగానే ఉన్నాయి, కలిసింది చర్మమే.

ఏడాదిన్నర లోపు చేద్దామంది. ఉంగరపువేలూ చిటికెనవేలూ కలిసుంటే ఇంకా తొందరపడేవారట. పొడుగులో తేడా ఉన్న వేళ్లు కలిసి ఎదిగితే పొడుగుది వంకరపోతుంది. నేను అనుకున్నట్టు కత్తెరతో చీల్చెయ్యడం కాదు. విడదీశాక రెండు వేళ్ల చుట్టూ కప్పడానికి చర్మం చాలదు, గజ్జల దగ్గర్నుంచి తెచ్చి అతకాలి. కోత తిన్నగా పెడితే మచ్చ బిగిసి వేలిని లాగుతుంది, అందుకే వంకరటింకరగా కోస్తారు.

ఇదంతా జరుగుతుంటే పిల్ల బల్ల మీద పడ్డ మురీ గింజని ఆ ఎడమచేత్తోనే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టి, నోట్లో వేసుకుంది. డాక్టరమ్మ నవ్వి "ఇదే నాక్కావాల్సింది" అంది.

పట్టుకి బొటనవేలే ముఖ్యం కాబట్టి, అది లేకుండా పుట్టినవాళ్లకి చూపుడువేలినే తిప్పి బొటనవేలుగా అమరుస్తారు. హాంబర్గ్‌లో బుక్ గ్రామ్‌కో అనే సర్జన్ థాలిడోమైడ్ మందు బారిన పడిన పిల్లల చేతుల మీద పనిచేసి ఆ పద్ధతిని మెరుగుపరిచాడు. 1971లో దాన్ని ప్రచురించాడు.

సెప్టెంబర్ 14

పై వాటాలో పోర్టు గుమాస్తాగారికి ఆరోవేలు. దాన్ని అదృష్టమని ఈ అత్తగారే మురుస్తుంది. వేలు ఎక్కువైతే లక్ష్మి, కలిస్తే కోడలి తప్పు!

2013లో మొదలైన సర్కారీ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పట్టికలో పుట్టుకతో చూడాల్సిన లోపాలు తొమ్మిది. వంకరపాదం ఉంది, గ్రహణమొర్రి ఉంది. చేతివేళ్ల ఊసు లేదు. చేర్చాల్సిందే అంటాను.

సెప్టెంబర్ 19, శుక్రవారం

అత్తగారి కొత్త బెంగ: "పెళ్లికి ఉంగరం ఏ ఏలికి తొడుగుతారమ్మా?"

పెద్దకోడలు గుమ్మంలో కూర్చుని, పిల్ల చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఆనుకుని ఉన్న ఆ రెండు గోళ్లని ఓపిగ్గా కత్తిరిస్తోంది.

"శుక్రారం గోళ్లు తీత్తావేటే?"

"పెళ్లి మాట తర్వాత అత్తయ్యా. చెయ్యి కదపకుండా కాస్త పట్టుకోండి."

ముసలావిడ గొణుక్కుంటూనే పట్టుకుంది.