నేలపట్టు పక్షులు – మా కెమేరా

పక్షుల చిత్రములు తీయుటకు ఎంత పొడవైన లెన్సు కావలెనని విద్యార్థులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. మా యొద్దనున్నది 2015వ సంవత్సరమున వెలువడిన నికాన్ పి900 అను కెమేరా. ఇది 83 రెట్ల జూమ్ గలది. చెఱువు నడిమి చెట్టుపైనున్న కొంగ కన్ను తెరమీద గోళీకాయవలె నగపడును. ఇంత శక్తి చేతిసంచిలో నిముడుట ఆశ్చర్యమే. అయినను ఇల్లుచేరి చిత్రమును పెద్దదిగా జేసి చూచునపుడు ఈకలు మైనపు ముద్దవలెను, నీడలు ఇసుక చల్లినట్లును కనబడుట అనేకుల యనుభవము. ఆ యిసుకనే నాయిజ్ అందురు.

ఇందులకు ముఖ్యకారణము లెన్సు వెనుకనున్న సెన్సారు. ఈ తరగతి కెమేరాలలో దాని వైశాల్యము సుమారు 28 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద కెమేరాలలో 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు గల సెన్సారుండును. అనగా 864 చదరపు మిల్లీమీటర్లు. వాననీటికి పళ్లెము పట్టినవాడు, గిన్నెమూత పట్టినవాడు నొక్కతీరున నీరు తెచ్చుకొనగలరా? పైగా లెన్సును పూర్తిగా చాచినచో దాని ద్వారము ఎఫ్ 2.8 నుండి ఎఫ్ 6.5కు కుంచించుకొనిపోవును, లోనికి వచ్చు వెలుతురు ఐదవ వంతునకు లోబడును. ఆ లోటు పూడ్చుటకై కెమేరా తనంతట తాను ఐ.ఎస్.ఓ. అంకెను పెంచుకొనును, ఇసుక పైకి తేలును. పిదప ఆ యిసుకను తుడువబోయి ఈకలను గూడ తుడిచివేయును. కావున మేము ఆ యంకెను 400 దాటనీయము. డిజిటల్ జూమ్ అనునది ఉన్న చుక్కలనే సాగదీయును గనుక దానిని ముందే ఆపివేయుదుము.

కూర్చున్న పక్షికి సెకండులో 250వ వంతు చాలును; ఎగురుదానికి 1000వ వంతు కావలెను. లెన్సులోని కుదుపు నివారణ మన చేతి వణకును మాన్పునే గాని పక్షి తల త్రిప్పుటను మాన్పదు. మూడుకాళ్ల పీటకంటె శనగలు నింపిన గుడ్డసంచి మాకు మేలని తోచినది. దానిని పిట్టగోడపై నుంచి, లెన్సును దానిలోనికి అదిమి, ఊపిరి బిగబట్టి మీట నొక్కుదుము.

ఈ లెక్కలన్నియు నేలపట్టులో పరీక్షకు వచ్చినవి. ఈ గ్రామము 2022 వఱకు నెల్లూరు జిల్లాలోను, పిమ్మట తిరుపతి జిల్లాలోను జేరినది. శీతకాలమున అచ్చటి చెఱువులో, నీట నిలిచిన కడపచెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. పిల్ల తన తలను తల్లి గొంతుసంచిలో దూర్చి చేపలు తినును. ఆ దృశ్యమే మాకు కావలసియుండెను. మేము చేరునప్పటికి మధ్యాహ్నమైనది. గోపురమెక్కి చూడగా ఎండకు నీటిపై గాలి వేడెక్కి, పొయ్యిమీది ఆవిరివలె నాడుచుండెను. అట్టి గాలిగుండ ఎంతటి లెన్సైనను స్పష్టముగ జూడలేదు. మార్గములు రెండే: గూళ్లకు దగ్గరగా పోవుట, లేదా ఉదయమునకై వేచియుండుట.

మా ప్రక్కనున్న యొక పెద్దమనిషి మొదటిదానినే కోరెను. కావలివాడు వారించుచున్నను గట్టు దిగి, నీటియంచున నిలిచి, పక్షులు లేచుటకై చప్పట్లు చరచెను. లేచినవి. ఆకాశమంతయు ఱెక్కలే. ఆయనకు మంచి చిత్రములే లభించియుండును. మేము మాత్రము ఖాళీయైన గూళ్లవైపు చూచుచుంటిమి. రెండు కాకులు వచ్చి యొక గూటిపై వ్రాలినవి. ఒకటి గ్రుడ్డును పొడిచెను. తల్లి మరలి వచ్చుటకు అయిదారు నిమిషములు పట్టినది. అప్పటికి పని ముగిసినది.

ఆ రాత్రి సూళ్లూరుపేటలో బసచేసి, తెల్లవారకమునుపే తిరిగి గోపురముపై శనగసంచి నుంచితిమి. గాలి నిలుకడగా నుండెను. ఎండ మా వీపువైపునుండి పక్షులపై వాలుగా బడుచుండెను. లెన్సును పూర్తిగా చాపక కొంత వెనుకకు దీసితిమి. అందువలన చిత్రమున పక్షి కొంచెము చిన్నదైనను వెలుతురు మిగిలినది. చట్రము నడుమనుండు ఒక్క చుక్కనే తల్లి కంటిపై నిలిపితిమి. లేనిచో కెమేరా ముందరి కొమ్మను పట్టుకొనును. తెల్లని ఈకలు వెలవెలబోకుండునంత మాత్రమే వెలుతురు తగ్గించితిమి. అంతకు మించి తగ్గించి, పిదప ఇంట నీడలను పైకి లాగినచో ఇసుక మరల వచ్చును.

ఏడున్నరకు తల్లి వచ్చి వ్రాలెను. పిల్ల భుజములవఱకు గొంతుసంచిలో దూరెను. ఐ.ఎస్.ఓ. 200, సెకండులో 320వ వంతు. నలువది చిత్రములు తీసితిమి. మూడు స్పష్టముగా వచ్చినవి. తక్కిన ముప్పదియేడింటిలో పిల్ల కదలినది.