సోడా పోసిన సాయంత్రం

పశువుల డాక్టరుగా చేరిన మొదటి ఏడాదే నాకు మంచి పేరు వచ్చింది. అందుకు కారణం పెళ్లిళ్లు. పల్నాడులో మా ఆస్పత్రి చుట్టుపక్కల ఊళ్లలో ముహూర్తాలు మొదలైతే చాలు, మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు గుమ్మంలో నిలబడేవాళ్లు. మిగిలిన అన్నం కుడితితొట్టిలో పోశారు, గేదె ఆబగా తినేసింది, ఇప్పుడు నెమరు లేదు, పేడ నీళ్లలా పడుతోంది, ఎడమ డొక్క ఉబ్బిపోయింది.

అలవాటు లేని పశువు అంత అన్నం ఒక్కసారిగా తింటే పెద్దపొట్టలో లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. 6కీ 7కీ మధ్య ఉండాల్సిన పీహెచ్ 5 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి దిగిపోతుంది. ఆ పులుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఒంట్లో నీరంతా పొట్టలోకి లాగేసుకుంటుంది. ఆ పులుపును విరిచే మందు వంటింట్లో ఉండే తినే సోడాయే. గొట్టం వేసి సోడా నీళ్లు పంపేవాణ్ణి, నరానికి సెలైన్ ఎక్కించేవాణ్ణి, బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇచ్చేవాణ్ణి. మరీ డీలా పడిన పశువుకు, ఆరోగ్యంగా ఉన్న ఇంకో పశువు పొట్టలోంచి తీసిన ద్రవం నాలుగైదు లీటర్లు పోసేవాణ్ణి. చచ్చిపోయిన సూక్ష్మజీవుల స్థానంలో బతికున్నవి చేరడానికి. చాలావరకు కోలుకునేవి. రెండోరోజు గేదె నెమరు వేస్తుంటే ఇంటివాళ్ల మొహాల్లో కనిపించే వెలుగు నాకు జీతం కంటే ఎక్కువ అనిపించేది.

అలా, పొట్ట ఉబ్బిందనే మాట వింటే నా చెయ్యి సోడా డబ్బా మీదికి పోవడం మొదలైంది. చెయ్యి ముందు పోయి, ఆలోచన తర్వాత వచ్చేది. అదే నా తప్పు. అయితే ఆ సంగతి నాకు రెండో వేసవిలో గానీ తెలియలేదు.

ఆ వేసవి పచ్చిగడ్డి అసలు లేదు. సాగర్ కాలువకు నీళ్లు కట్టేశారు. పశువులకు వరిగడ్డే దిక్కు. వరిగడ్డిలో మాంసకృత్తులు బాగా తక్కువ. అందుకని ఊరూరా రచ్చబండ దగ్గర గడ్డి సుపోషకం చేసి చూపించేవాణ్ణి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల దాకా నీళ్లు. గడ్డి పరిచి, పొరపొరకూ చల్లి, తొక్కి, గాలి తగలకుండా పట్టా కప్పి మూడు వారాలు ఉంచాలి. అలా మగ్గిన గడ్డిని కొద్దికొద్దిగా అలవాటు చేస్తే పొట్టలోని సూక్ష్మజీవులు ఆ నత్రజనితోనే మాంసకృత్తులు తయారుచేసుకుంటాయి. మంచి పద్ధతి. ఇప్పటికీ చెబుతాను. కానీ ఆ రోజుల్లో ఒక మాట చెప్పడం మరిచాను. కలిపిన నీళ్లను ఆ క్షణమే చల్లేయాలని, పశువుకు అందేచోట ఒక్క నిమిషం కూడా ఉంచకూడదని చెప్పలేదు.

ఒక ఊళ్లో అది చూపించిన మూడో రోజు, పొద్దు గూకే వేళ, పన్నెండేళ్ల కుర్రాడు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. "సార్, మా గేదె పొట్ట ఉబ్బింది, పడిపోయేట్టు ఉంది, అమ్మ రమ్మంటోంది." వాడి తండ్రి లేడు. ఆ ఇంటికి ఆ ఒక్క గేదే ఆధారం.

వెళ్లేసరికి గేదె నాలుగు కాళ్లూ వణుకుతున్నాయి. నోట్లోంచి నురగ కారుతోంది. పళ్లు కొరుకుతోంది, ఉండుండి అరుస్తోంది. ఎడమ డొక్క ఉబ్బి ఉంది. ఇవన్నీ చూశాను. అన్నం తిని డీలాపడిన గేదె ఇలా వణకదు, ఇలా అరవదు. అది కూడా గమనించాను. గమనించి పక్కన పెట్టేశాను.

"ఏం మేపావమ్మా?" అన్నాను.

"ఏమీ లేదయ్యా, రోజూ వేసే గడ్డే."

"పెళ్లిభోజనం ఏమన్నా?"

"ఎవరో వంట గిన్నెలు కడిగిన కుడితి పోశారు బాబూ, పొద్దున."

నాకు కావాల్సిన జవాబు దొరికింది. ఇంకో ప్రశ్న అడగలేదు. సంచిలో పీహెచ్ కాగితం చుట్ట ఉంది. గొట్టం వేసి పొట్టలోంచి రెండు చుక్కలు తీసి, ఆ కాగితం మీద వేసి రంగు చూడటానికి రెండు నిమిషాలు చాలు. తియ్యలేదు. గొట్టం వేసి గ్యాసు కొంత పోనిచ్చి, సోడా నీళ్లు పంపాను. ఇంకో గంట గడవకముందే గేదె పడి, కాళ్లు కొట్టుకుని, చనిపోయింది.

మర్నాడు పొద్దున బీమా కాగితం కోసం శవపరీక్ష చేశాను. పెద్దపొట్ట కోయగానే మొహానికి గుప్పున కొట్టింది వాసన. పులిసిన వాసన కాదు. కళ్లు మండించే అమోనియా. కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇంట్లో యూరియా ఉందా?" అని అప్పుడు అడిగాను. కుర్రాడు నేల చూపులు చూశాడు. గడ్డికి చల్లడానికి డ్రమ్ములో కలిపారట. సగం చల్లి ఆపారట. మూత తీసి ఉన్న డ్రమ్ములో గేదె మూతి పెట్టింది. తల్లి వాడి వీపు మీద రెండు చరిచింది. ఏడుస్తూనే చరిచింది. నేను నోరు తెరవలేదు.

అక్కడ జరిగినదేమిటో పుస్తకం తెరవకుండానే నాకు తెలుసు. యూరియా పెద్దపొట్టలో అమోనియాగా మారుతుంది. పొట్టలో పులుపు ఉన్నంతసేపూ ఆ అమోనియా చాలావరకు అయానుగా మారి అక్కడే చిక్కుబడి ఉంటుంది. క్షారం పెరిగితే వాయువుగా పొట్టగోడ దాటి నెత్తుట్లోకి దూసుకుపోతుంది. నేను పోసింది క్షారం. ఆ వేళ పోయాల్సింది దానికి సరిగ్గా ఎదురు మందు: నాలుగైదు లీటర్ల వెనిగర్, దానితోపాటు బకెట్ల కొద్దీ చల్లటి నీళ్లు. చల్లదనం వల్ల యూరియా విరగడం నెమ్మదిస్తుంది, వెనిగర్ పులుపు అమోనియాను పొట్టలోనే కట్టిపడేస్తుంది. 400 కిలోల గేదె ప్రాణం పోవడానికి అరకిలో యూరియా చాలు. అది ఎంత తాగిందో తెలియదు కాబట్టి, వెనిగర్ పోసి ఉంటే బతికేదని చెప్పలేను. ఎన్నో రాత్రులు ఆ మాట వెనక దాక్కుందామని చూశాను. కానీ ఉన్న కాస్త ఆశనూ నా చేత్తో తీసేశానన్నది మారదు.

శవపరీక్ష కాగితంలో 'యూరియా విషం' అని రాశాను. నిజమే రాశాను. సోడా సంగతి రాయలేదు. కుర్రాడి తల్లి మజ్జిగ ఇచ్చి, "రాత్రివేళ కూడా వచ్చావు బాబూ" అని దండం పెట్టింది. తాగి వచ్చేశాను.

తర్వాతి ఏళ్లలో నేను అడిగే తీరు మారింది. "ఏం మేపారు" అని అడిగితే రైతు తన చేత్తో వేసింది మాత్రమే చెబుతాడు. పశువు దొంగచాటుగా తిన్నది వాళ్ల లెక్కలో మేత కాదు. అందుకని, ఈ రోజు కొట్టంలో కొత్తగా ఏమేమి జరిగింది, కట్టు ఎంతసేపు ఊడి ఉంది, ఎరువు బస్తా ఎక్కడుంది, పొద్దుటికీ ఇప్పటికీ మధ్య గేదె దగ్గర ఎవరున్నారు అని అడిగేవాణ్ణి. పిల్లల్ని పక్కకు పిలిచి విడిగా అడిగేవాణ్ణి. పెద్దల ఎదుట భయపడి చెప్పనిది పిల్లలు విడిగా చెబుతారు. పీహెచ్ కాగితం రంగు చూశాకే సీసా మూత తీసేవాణ్ణి. వణికే పశువుకు ఏదైనా గొట్టంలోంచే, గొట్టం పొట్టలోకి దిగిందని రూఢి చేసుకునే. నాలుక బయటికి లాగి, తల పైకెత్తి నోట్లో పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయి, పొట్టనొప్పి తగ్గినా న్యుమోనియాతో చచ్చిన పశువుల్ని చాలా చూశాను. సంచిలో సోడా పక్కనే వెనిగర్ సీసాలు ఉండేవి, వాటి మూతలకు ఎర్ర గుడ్డ చుట్టి ఉండేది, చీకట్లో చెయ్యి తడబడకుండా.

మొన్న రిటైరయ్యాక ఆ ఊరు వెళ్లాను. ఆ కుర్రాడికి ఇప్పుడు నలభై దాటాయి. నాలుగు గేదెలు. నన్ను గుర్తుపట్టి మంచం వాల్చాడు. చాలాసేపు పాల రేటు మాట్లాడి, చివరికి చెప్పాను: "ఆ రాత్రి నేను పోసిన మందు తప్పు మందు. అది గేదెకు మేలు చెయ్యలేదు, కీడే చేసింది."

అతను చాలాసేపు మాట్లాడలేదు.

"డ్రమ్ము మూత నేనే తీశాను సార్," అన్నాడు చివరికి. "ఇన్నాళ్లూ నా ఒక్కడి వల్లే పోయిందనుకున్నాను. చిన్నప్పుడు ఇంట్లో ఏ గొడవైనా ఆ మాట దగ్గరికే వచ్చేది."

లేచి ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. లోపలికి కేకేశాడు.

"అమ్మా, ఒకసారి ఇట్రా. డాక్టరు గారు నీతో ఒక మాట చెప్పాలంట."