నీళ్ళ తిత్తి

అమ్మకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయ్యాక నెల రోజులు చదవొద్దన్నాడు డాక్టరు. అమ్మ పేపరు మానేసింది, టీవీ మానేసింది. గురువారం కూడిక మాత్రం మానలేదు. "నువ్వొచ్చి ఆ అధ్యాయం చదివిపెట్టు చాలు. నిన్ను నమ్మమని నేనేం అడగట్లేదు" అంది. అలా వెళ్ళాను, 2023 జూన్‌లో. అమ్మ కళ్ళు ఎప్పుడో బాగయ్యాయి. నేనింకా వెళ్తూనే వున్నాను.

గుంటూరులో మా పేట ఆడవాళ్ళు ప్రతి గురువారం సాయంత్రం ఎవరో ఒకరింట్లో కూర్చుంటారు. పది పన్నెండుమంది వుంటారు. రిటైరైన టీచరు ఒకామె, ఇద్దరు ముగ్గురు మిర్చి యార్డులో తొడిమలు తీసే పనికి పోయేవాళ్ళు, జాకెట్లు కుట్టే ఓ అమ్మాయి, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు ఆయాగా చేసి మానేసిన పెద్దామె. ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక పాట, తర్వాత ఒక అధ్యాయం, తర్వాత మాటలు, చివర ప్రార్థన. ఆఖర్న టీ, ఉడకబెట్టిన శనగలు. పాస్టరుగారు రారు. ఆయన రాకపోవడం వల్లే ఇది ఇలా సాగుతోందని నాకు తర్వాత అర్థమైంది.

నా పరిశోధన తెలుగు దళిత కథల్లో స్త్రీ పాత్రల మీద. అందులో క్రైస్తవానికి ఒక అధ్యాయం కేటాయించాను. మిషన్ బడులు, అక్షరం, అంటరానితనం నుంచి బయటపడడానికి వెతుక్కున్న దారి, చర్చి లోపల మిగిలిపోయిన కులం అన్నీ రాశాను. మా అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి మోకాళ్ళ మీద ఎందుకుంటుందో మాత్రం ఒక్క వాక్యం రాయలేదు. వైవాలో ఎవరూ అడగలేదు కూడా. మన స్త్రీవాద మిత్రుల దగ్గరా అంతే. శ్రావణమాసంలో పేరంటానికి పిలిచిన సహోద్యోగిని చూసి 'సంస్కృతి' అనుకుని సరిపెట్టుకుంటాం. గురువారం కూడికకి వెళ్తున్నానంటే మాత్రం, "నువ్వు కూడానా?" అని అడుగుతారు. ఆ 'కూడా'కి నా దగ్గర జవాబు లేక చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆరు నెలలూ నేను వెళ్ళింది పాఠకురాలిగా కూడా కాదు, పరిశీలకురాలిగా. నోటుబుక్కు తీసుకెళ్ళేదాన్ని. ఎవరు ఏ వాక్యం దగ్గర ఆగారు, ఎవరు ఏం గుర్తుచేసుకున్నారు అని రాసుకునేదాన్ని. ఒకరోజు ఆయమ్మ నా వైపు చూసి, "అమ్మాయ్, మేం చెప్పేదంతా రాసుకుంటన్నావు. నువ్వేం చెప్పవే?" అంది. ఆ తర్వాత నోటుబుక్కు ఇంట్లోనే వుంచాను. మాట మాత్రం వెంటనే రాలేదు. క్లాసులో గంటసేపు అలవోకగా మాట్లాడగలిగే నేను, ప్రార్థన వంతు నా దాకా వచ్చేసరికి పక్కామె చెయ్యి నొక్కి దాటించేసేదాన్ని. కారణం నాకు తెలుసు. నాకు దేవుడు ఎప్పుడూ ప్రథమ పురుషలో వుండేవాడు. 'ఆయన', 'దేవుడనే భావన', 'పితృస్వామిక దైవం'. ప్రార్థనలో 'నువ్వు' అనాలి. ఆయమ్మ అయితే "నాయనా" అంటుంది. రోజూ పొలం గట్టు మీద కనపడే మనిషిని పిలిచినట్టు.

ఈ కూడిక ఏదో సమానత్వపు ద్వీపమని చెప్పబోవడం లేదు. మాలో ఎక్కువమందిమి మాలలం. ఆయమ్మ మాదిగ, ఒంగోలు వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి. ఆమె ఇంట్లో కూడిక పెట్టడం మొదలై ఎన్నేళ్ళయిందని అడిగితే మా అమ్మ లెక్క చెప్పలేక తల దించుకుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు పుణ్యమా అని ఎవరి సర్టిఫికెట్‌లో ఏం రాసివుందో ఒకర్నొకరం అడుక్కోం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణ తీర్పు ఇచ్చింది. అది కూడా గురువారమే. ఆ సాయంత్రం ఎవరూ ఆ ఊసెత్తలేదు. కానీ చాప మీద మధ్యలో ఖాళీ వదిలి కూర్చున్నాం. చివర్న ఆయమ్మే ప్రార్థన చేసింది. మా పిల్లల ఉద్యోగాల కోసం, వాళ్ళ మనవడి ఉద్యోగం కోసం, అందరి పేర్లూ వరసగా పెట్టి. నేను తలెత్తి ఎవరి మొహమూ చూడలేకపోయాను.

ఆ తర్వాత ఆదికాండం మొదలుపెట్టాం, వారానికొక అధ్యాయం చొప్పున. పదహారో అధ్యాయం 2025 జనవరిలో వచ్చింది. హాగరు కథ. శారయికి పిల్లల్లేరు. తన దాసిని భర్త దగ్గరికి పంపుతుంది. దాసికి కడుపు వచ్చాక ఇద్దరికీ పడదు. శారయి బాధలు పెడుతుంది, హాగరు ఎడారిలోకి పారిపోతుంది. నీళ్ళ దగ్గర ఆమెకి దేవదూత కనిపించి, వెనక్కి వెళ్ళి యజమానురాలికి లోబడి వుండమంటాడు.

అక్కడికి చదివి ఆగాను. ఎందుకంటే జాకెట్లు కుట్టే అమ్మాయి నా ఎదురుగానే కూర్చుని వుంది. ఆమె పుట్టింటికి వచ్చి అప్పటికి మూడు వారాలు. ఎడమ చేతికి కట్టు. నాలుగేళ్ళ పాప ఒళ్ళో నిద్రపోతోంది. వాళ్ళ సంఘ పెద్దలు వచ్చి సర్దుకుపొమ్మని, లోబడి వుండడమే భార్య ధర్మమని చెప్పి వెళ్ళారు.

"దేవుడు కూడా అదే అన్నాడా అక్కా?" అంది.

నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను కూడా. ఫిలిస్ ట్రిబుల్ 1984లో హాగరు గురించి ఏం రాసిందో చెప్పాను. నల్లజాతి స్త్రీల బానిసత్వపు అనుభవం లోంచి డెలోరెస్ విలియమ్స్ 1993లో ఈ కథని ఎలా చదివిందో చెప్పాను. ఈ కథని రాసిందీ, కూర్చిందీ పురుషులేనని చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. ఆ అమ్మాయి పాపని భుజాన వేసుకుని టీ తాగకుండా వెళ్ళిపోయింది. మర్నాడే భర్త దగ్గరికి వెళ్ళిపోయిందని వాళ్ళమ్మ చెప్పింది.

నేను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఇప్పుడడిగినా అదే చెప్తాను. కానీ ఆమె అడిగింది వ్యాఖ్యానం కాదు. ఆ రాత్రి ఇల్లు దాటొచ్చా అని అడిగింది. అది నాకు వినపడలేదు.

తర్వాత నాలుగు గురువారాలు వెళ్ళబుద్ధి కాలేదు, అయినా వెళ్ళాను. అయిదో వారం ఇరవై ఒకటో అధ్యాయం. ఆ అమ్మాయి మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి కట్టు లేదు, కంటి కింద నలుపు వుంది. మళ్ళీ హాగరే. ఇప్పుడు కొడుకు పుట్టి కాస్త పెద్దవాడయ్యాడు. శారా వాళ్ళని వెళ్ళగొట్టమంటుంది. అబ్రాహాము పొద్దున్నే లేచి కాస్త రొట్టె, ఒక తిత్తి నీళ్ళు ఆమె భుజాన పెట్టి పంపేస్తాడు. నేను చదువుతూ పోతుంటే ఆయమ్మ ఆపింది.

"ఏమన్నావు, తిత్తా?"

"తిత్తే పెద్దమ్మా. తోలుది."

"మా నాయన కపిల బావులకి బానలు కుట్టేవోడు. తోలు సంచిలో నీళ్ళు ఎంతసేపుంటయ్యో నాకు తెలుసు. ఇంత ఆస్తి వున్న మారాజు, గాడిదని ఇయ్యలా, గొర్రెని ఇయ్యలా. ఒక్క తిత్తి! ఎండలో పూటకి సరిపోదు. తెలిసే పంపాడు." ఆమెకి అబ్రాహాము మీద నిజంగా కోపం వచ్చింది. విశ్వాసులకు తండ్రి అని మేం చిన్నప్పట్నుంచీ పాడుకున్న ఆ అబ్రాహాము మీద!

నేను ఆ అధ్యాయం ఇంగ్లీషులో, తెలుగులో ఎన్నిసార్లు చదివానో. తిత్తి దగ్గర ఒక్కసారీ ఆగలేదు.

ఆయమ్మ ఇంకో మాట కూడా అంది. "ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఎప్పుడన్నా ఆ పిల్లని పేరు పెట్టి పిలిచారా? చూసి చెప్పు." వెనక్కి తిప్పి చూశాను. లేదు. వాళ్ళ నోట్లో ఆమె దాసి మాత్రమే. పేరుతో మొదట పిలిచింది ఎడారిలో కనపడిన దూతే. ఆమె కూడా తనని చూసిన దేవుడికి తనే ఒక పేరు పెట్టింది. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రిలో ఈమెని కూడా ఎవరూ పేరుతో పిలవలేదు. (ఇక్కడ నేనూ రాయడం లేదు. అడిగితే వద్దంది. "పత్రికలో ఎందుకులే, నాయనకి తెలుసు" అంది.) మా అమ్మమ్మ తల్లి మిషన్‌లో బైబిలు స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి అక్షరాలూ, కథలూ చెప్పేది. పరిశోధన కోసం నేను తిరగేసిన నివేదికల్లో అలాంటివాళ్ళు ఎంతమంది, ఎన్ని ఇళ్ళు తిరిగారు అనే లెక్క కనపడింది గానీ ఆమె పేరు ఎక్కడా దొరకలేదు.

తిత్తిలో నీళ్ళయిపోతాయి. హాగరు పిల్లాణ్ణి పొద కింద వదిలి, వాడి చావు చూడలేక దూరంగా కూర్చుని ఏడుస్తుంది. దేవుడు ఆమె కళ్ళు తెరిపిస్తే నీళ్ళ బావి కనిపిస్తుంది. తిత్తి నింపి పిల్లాడికి తాగిస్తుంది. అధ్యాయం మిగిలిందీ అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. ఆయమ్మ ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"అప్పుడు కడుపుతో వుంది, ఒక్కతే వుంది, పొమ్మన్నాడు. ఈసారి పొమ్మన్లేదు చూడు. బావి చూపించాడు."

ఈ వ్యాఖ్యానం నేను ఏ పుస్తకంలోనన్నా చదివానా అని తర్వాత వెతికాను. వెతకడం నా జబ్బు. మొదటి ఆజ్ఞని అది సమర్థిస్తుందా, దేవుణ్ణి కాపాడడానికి చేసే ప్రయత్నమా అని నాలోని పరిశోధకురాలు ఇప్పటికీ అడుగుతూనే వుంది. పదహారో అధ్యాయంతో నాకింకా రాజీ కుదరలేదు. ఆయమ్మకి కుదిరిందో లేదో కూడా నాకు తెలీదు, ఆమెకి ఆ అవసరం వున్నట్టు లేదు.

ఆరోజు ప్రార్థన నా వంతు వచ్చినప్పుడు దాటించలేదు. "నువ్వు" అన్నాను. ఆ తర్వాత ఏమన్నానో గుర్తులేదు. పాప గురించి, చెయ్యి గురించి, నేను ఆ జనవరి గురువారం చేసిన ఉపన్యాసం గురించి. గొంతు ఆరిపోయింది. ఎవరో వీపు మీద చెయ్యి వేశారు. విశ్వాసంలో ఎదగడం అనే మాట సాక్ష్యాల్లో విన్నప్పుడల్లా నాకు నవ్వొచ్చేది, మెట్లెక్కుతున్నట్టు చెప్తారని. నాకు జరిగింది ఎక్కడం లాంటిది కాదు. కూర్చోవడం లాంటిది.

మరుసటి సోమవారం కాలేజీకి సెలవు పెట్టి ఆ అమ్మాయితో రక్షణాధికారి దగ్గరికి వెళ్ళాను. 2005 గృహహింస చట్టం కింద ఫిర్యాదు రాయించాం. టీచరమ్మ పాపని చూసుకుంది, మిర్చి యార్డు అక్కలు ఆటో డబ్బులు పోగుచేశారు. ఆయమ్మ కుట్టుమిషను తన వరండాలో పెట్టించింది. ఎందుకంటే అతను పుట్టింటికి వచ్చి గొడవ చేస్తున్నాడు, ఆయమ్మ వరండాకి రావడానికి మాత్రం జంకుతాడు. సంఘ పెద్దలు మాత్రం మా కూడికలో 'లోక జ్ఞానం' ఎక్కువైందని ఆదివారం ప్రసంగంలో ఒక మాట విసిరారు. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు దక్షిణ ఇండియా సంఘానికి మొదటి మహిళా బిషప్ అయినప్పుడు ఇదే పెద్దలు చప్పట్లు కొట్టడం నాకు గుర్తుంది. దూరాన వున్న బిషపమ్మతో ఇబ్బంది లేదు, పక్క వీధిలో తీర్పు చెప్పే ఆయమ్మతోనే వుంది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదాలు పడుతున్నాయి. ఆ అమ్మాయి రెండుసార్లు ఊగిసలాడింది, ఇంకా ఊగుతుందేమో.

వచ్చే గురువారం కూడిక ఆయమ్మ ఇంట్లో. ఆదికాండం అయిపోయింది, నిర్గమకాండం మొదలవుతుంది. మొదటి అధ్యాయంలోనే ఫరో మాట వినని ఇద్దరు మంత్రసానులున్నారు. పేర్లు కూడా వున్నాయని నేను ముందే చెప్పేస్తే ఆయమ్మ సంతోషపడింది. చదివేది నేను కాదు. ఆ అమ్మాయి చదువుతానంది. ఏడో తరగతిలో మానేసిన చదువు, ఒత్తుల దగ్గర ఆగుతుంది. షిఫ్రా అనే పేరు ఎలా పలకాలో నిన్న వచ్చి అడిగి వెళ్ళింది.