అట్లతద్దినాటి దయ్యపు రొట్టె

2023లో అట్లతద్ది అక్టోబరు 31న వచ్చింది. అమెరికాలో పిల్లలు దయ్యాల వేషాలు వేసే హాలోవీన్ కూడా ఆ రోజే. అప్పుడు నేను అమలాపురం దగ్గర అక్కయ్యగారి ఊళ్ళో ఉన్నాను. డల్లాస్ నుంచి వచ్చిన ఆమె మనుమరాలు తెల్లవారుజామునే గోంగూర పచ్చడితో చద్దన్నం తిని, ఉయ్యాలలూగి, మధ్యాహ్నానికి దయ్యం కేకు కావాలని కూర్చుంది.

"గౌరమ్మ పూట ఇంట్లో దయ్యమేమిటే?" అన్నది అక్కయ్య.

ఆ రాత్రి చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారని ఐర్లండు వైపు పూర్వులు నమ్మేవారని నేను చెప్పాను.

"అయితే మన మహాలయంలాగ పెద్దల పండుగే! అమ్మవారికి పదకొండు అట్లు, వాయనానికి పదకొండు. మిగిలిన మినప్పిండి నీది."

ఆ పిండిలో బియ్యపురవ్వ కలిపి, ఇనప మూకుట్లో దిబ్బరొట్టె వేసింది. కింద సన్నని సెగ, మూతమీద కొబ్బరిచిప్పల నిప్పులు. కోనసీమలో చిప్పలకు కరువా! అంచులు ఎర్రగా కాలి, కరకరలాడుతూ దిగింది. పిల్ల దానిమీద కొబ్బరికోరు పరిచింది. బెల్లంగడ్డలు కళ్ళు, కొబ్బరిముక్కలు కోరలు, నోటివెంట చెరకుపానకం. పక్కింటి పిల్లలు నిజంగానే జడుసుకున్నారు.

కాని చంద్రుణ్ణి చూడందే ఎంగిలిపడకూడదు. తదియచంద్రుడు పొద్దుగూకిన రెండుగంటలకుగాని రాడు. వచ్చినా, ఇక్కడ కొబ్బరితోటలు దాటి పైకి రావద్దూ? కాలవగట్టున నిలబడి, ఆకుల సందున ఎర్రటి తునక కనపడగానే "అదుగో!" అంది పిల్ల.

"నాకింకా కనపడలేదు" అన్నది అక్కయ్య.

పిల్ల ఆకలిని దిగమింగుకుని ఆమె పక్కనే నిలబడింది. పూజయ్యాక రొట్టెలో మొదటి ముక్క, కోరతో సహా, అమ్మమ్మ నోట్లోనే పెట్టింది.